కుడి జేబులో నమూనా

మా మేనమామ పోయాడు. ఆ కబురైనా నాకు తిన్నగా చేరిందా? ఉస్మాన్‌గంజ్‌లోని ఆయన మిర్చి, ధనియాల దుకాణం నుంచి హమాలీ ఫోన్ చేశాడు.

"అక్కా, జల్ది రా. సేఠ్ గద్దె మీదనే ఒరిగిపోయిండు. ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోతున్నం గానీ..."

"గానీ ఏంది?"

"కుడి జేబుల పిస్తోలుంది గదక్కా. గా దిక్కు ఎవ్వరు కూసుంటలేరు."

గద్దె మీద ఒరిగినప్పుడే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. అప్పుడన్నా నన్ను ఏడవనిచ్చారా అంటే అదీ లేదు. పోలీసు వస్తేగానీ లాల్చీ ముట్టుకోమని ఆస్పత్రి వాళ్లు ససేమిరా అన్నారు. కానిస్టేబుల్ వచ్చాడు. అందర్నీ గోడవారకు జరగమన్నాడు. ఊపిరి బిగబట్టి జేబులో చెయ్యి పెట్టి మెల్లగా బయటికి తీశాడు. కిలో రాయి. త్రాసులో వేసే ఇనుప తూకపు రాయి!

"ఇదేంది మేడం?" అన్నాడు.

"నమూనా," అన్నాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఈ మనిషి సంగతి మీకు మొదట్నుంచీ చెప్పాలి. లేకపోతే నా విసుగూ అర్థం కాదు, నా ఏడుపూ అర్థం కాదు.

మామ, అత్త రోజూ సాయంత్రం శాలిబండ రోడ్డు మీదికి నడిచివెళ్లి పూలు, కూరగాయలు తెచ్చుకునేవాళ్లు. కొన్నేళ్ల కింద ఒక సాయంత్రం బండి మీద ఇద్దరొచ్చి అత్త మెడలో పుస్తెలతాడు లాగారు. అది వెంటనే తెగలేదు. అత్త వాళ్లతోపాటు కొంతదూరం ఈడ్చుకుపోయింది. తాడు పోయింది, భుజం కీలు తప్పింది. మామ కూరగాయల సంచి పట్టుకుని నిలబడిపోయాడట. "సంచి గూడ కింద పడెయ్యలే బిడ్డా," అన్నాడు నాతో. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. భుజం నయమైంది గానీ అత్త మళ్లీ గేటు దాటలేదు. బతిమాలినా రాదు, కోప్పడినా రాదు.

"పిస్తోలు కొంట. లైసెన్సు తెస్త. అప్పుడన్న వస్తవా?" అన్నాడు మామ.

"చూద్దాం," అంది అత్త.

ఆ ఒక్క 'చూద్దాం' పట్టుకుని నా ప్రాణం తీశాడు మహానుభావుడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. అసలు కథ అక్కడ మొదలైంది. "నీకు ఇంగ్లీషు వస్తది, స్కూటీ ఉన్నది," అని నన్ను వెంటేసుకుని తుపాకుల దుకాణాలు తిరగడం. బ్యాంకులో నాకున్న సెలవులన్నీ ఆయన పిస్తోలుకే సమర్పయామి.

కావలసింది ఏమిటో ఆయనకు తెలుసు. "డబ్బా చిన్నగుండాలె, సరుకు పెద్దగుండాలె." అంటే జేబులో పట్టేంత పిస్తోలు, అందులో వీలైనంత లావు తూటా. పోలీసులు, మిలిటరీ వాడే సైజులు మామూలు జనానికి ఇవ్వరు. మిగిలినవాటిలో తేలిగ్గా దొరికేది ముప్పై రెండు సైజు తూటాది. అది చూసి మామ మొహం చిట్లించాడు, "గిది పిట్టలకా?" అని. నలభై ఐదు కావాలన్నాడు. దుకాణం భాయ్ మంచివాడు, ఓపికగా చెప్పాడు.

"సేఠ్, పెద్ద తూటా చిన్న పిస్తోల్ల పెడితే చెయ్యికి ఝట్కా మస్తు కొడతది. రెండో గుండు ఎటు పోతదో అల్లాకే ఎరుక."

"అయితె జర బరువుది చూపియ్యి."

"బరువైతె ఝట్కా తగ్గుతది. గానీ దినమంత మోయాలె గద! గుండ్లు నింపితే కిలో దాక వస్తది."

ఇక చూడండి. తేలికది చూపిస్తే చేతిలోంచి ఎగిరిపోతుందన్నాడు. బరువైనది చూపిస్తే లాల్చీ చిరుగుతుందన్నాడు. రివాల్వర్ చూపిస్తే నడుం దగ్గర ఉబ్బుగా ఉంటుందన్నాడు, పైగా దాని వెనక కొక్కెం గుడ్డకు పట్టుకుంటుందట. పలచటి పిస్తోలు చూపిస్తే తూటాలు తక్కువన్నాడు. గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఏది గుచ్చుకుంటుందో చూడాలని, దుకాణం నేల మీదే కూర్చుని చూశాడు. పెళ్లికి వరసగా సంబంధాలు చూసినా ఇన్ని వంకలు పెట్టరు. నేను గోడకు తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

చివరికి ఒకరోజు అన్నీ పక్కకు జరిపి, చాలా మర్యాదగా అడిగాడు. "భాయ్, నమూనా ఒకటి ఇయ్యి. నాలుగొద్దులు ఇంట్ల పెట్టుకొని చూసి చెప్త."

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "ఇది ధనియాలా సేఠ్, గుప్పెడు రుమాల్ల కట్టియ్యనీకె?" అన్నాడు భాయ్. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామ మాత్రం సిగ్గుపడలేదు. నలభై ఏళ్ల వ్యాపారంలో నమూనా కొరికి చూడకుండా ఒక్క మూట దించుకోని మనిషి. "నమూనా ఇయ్యనోడు సరుకేమిస్తడు?" అని నా స్కూటీ ఎక్కాడు.

దారి పొడుగునా నేను తిట్టాను. "మామా, నీకో దండం. నీ పిస్తోలుకో దండం. నన్ను మళ్ల పిలిస్తే చూడు!"

మర్నాడు ఆయనే నమూనా తయారుచేసుకున్నాడు. తన దుకాణానికి కరెంటు త్రాసు వచ్చాక పాత రాళ్లు మూలన పడి ఉన్నాయి. కిలో రాయి తీసి లాల్చీ జేబులో వేసుకున్నాడు. జేబు చిరిగింది. దర్జీ దగ్గర కాన్వాసు గుడ్డతో కుట్టించాడు. లాల్చీ ఒక పక్కకు లాగింది. భుజం దగ్గర పట్టీ వేయించాడు. దర్జీతో లొల్లి, నాతో లొల్లి. "కూసుంటే గుచ్చుతదే బిడ్డా," అని రోజూ ఫోను. "అయితే నిలబడు!" అని పెట్టేసేదాన్ని.

ఒకరోజు ఫోన్ చేసి "కుదిరింది," అన్నాడు. అమ్మయ్య, కొన్నాడు, పీడ విరగడైంది అనుకున్నాను. ఏది, ఎక్కడ, ఎంతకు అని ఒక్క మాట అడగలేదు. అడిగితే మళ్లీ మొదలుపెడతాడని భయం. గల్లీలోనూ అదే నమ్మారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అబద్ధం ఆడలేదు. కొన్నానని ఎవరితోనూ అనలేదు. కుదిరిందన్నాడు, అంతే.

అత్తకూ అదే మాట చెప్పాడు. ఆ సాయంత్రం అత్త గేటు దాటింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ శాలిబండకు నడిచిపోవడం నేను చాలాసార్లు చూశాను. "నువ్వు ఎడమకు రా. కుడి చెయ్యి ఖాళీగుండాలె," అనేవాడు మామ. కుడి చెయ్యి జేబులో, ఛాతీ ముందుకు, కూరగాయల సంచి అత్త చేతిలో. పూలమ్మే ఆమె కూడా ఆయన్ను చూసి కొంచెం సర్దుకుని కూర్చునేది.

అందుకే ఆస్పత్రిలో కానిస్టేబుల్ ఆ రాయి నా చేతిలో పెట్టినప్పటి నుంచీ నాకొకటే ఫికర్. మామ వెంట తుపాకీ ఉందనే కదా అత్త గడప దాటింది! ఇన్నాళ్లూ నడిచింది తూకపు రాయి అండతో అని తెలిస్తే ఇక ఈ జన్మకు బయటికి రాదు. రాయిని స్కూటీ డిక్కీలో దాచాను. కర్మలన్నీ అయ్యేదాకా నోరు విప్పలేదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక సాయంత్రం అత్త అడిగింది. "మీ మామ జేబుల ఉన్నదేదే?"

"అదా... పోలీసులు తీస్కపోయిన్రత్తా."

అత్త నావైపు తిరిగింది. "కిలో రాయి పోలీసులకెందుకే?"

నా చెయ్యి స్కూటీ తాళంచెవి మీదికి పోయింది.

"లాల్చీలు ఉతికేది నేనే గద. వానల తడిసొస్తే జేబు నిండ తుప్పు మరక. ఎంత రుద్దినా పోకపాయె. పిస్తోలు గట్ల తుప్పు కారుతదా?"

"తెలిసే పోయినవా అత్తా? భయం కాలే?"

"అయింది. బండి చప్పుడైతే ఇప్పటికి గుండె దడదడ అంటది." కొంగుతో మొహం తుడుచుకుంది. "సంచి పట్టుకొని నిలబడ్డ అని రోజూ కుములుతుండె. జేబుల చెయ్యి పెట్టుకొని మళ్ల రాజు లెక్క నడిచిండు. గది నేనెట్ల పాడుజేస్త? రాయి అని ఒక్కనాడు నేననలే, ఆయన అనలే."

నాకు మామ మీద కోపం, అత్త మీద కోపం, ఎండల్లో దుకాణాల ముందు ఎదురుచూసిన నా మీద నాకే కోపం. ఈ మొగుడూపెళ్లాల మధ్య నేనెందుకు నలిగానో! అంత కోపంలోనూ మామ కళ్ల ముందు మెదిలాడు. బరువుకు ఒక పక్కకు ఒరిగిన లాల్చీ, ఖాళీగా ఉండాలన్న ఆ కుడి చెయ్యి.

"డిక్కీల ఉన్నది," అన్నాను.

"తే."

తెచ్చి ఇచ్చాను. అత్త దాన్ని చేత్తో ఒకసారి తూచి, భుజాన వేసుకునే గుడ్డ సంచిలో పడేసింది. చెప్పులు తొడుక్కుని గేటు తీసింది. నేను పరుగున వెళ్లి కుడి పక్కన నిలబడ్డాను.

"అటు కాదే," అంది అత్త, సంచిలో కుడి చెయ్యి పెట్టుకుంటూ. "నువ్వు ఎడమకు రా."