కొర్రమట్టలు బతికిన చెరువు

2006 ఫిబ్రవరిలో నన్ను ఖమ్మం నుంచి పినపాక వైపు, అడవి అంచు మండలాలకు మత్స్యాభివృద్ధి అధికారిగా వేశారు. మా శాఖలో ఇది మధ్యమెట్టు. పైన సహాయ సంచాలకుడు ఉంటారు, ఆయన్ని ఏడీ గారు అంటాం. కింద ఒక ఫీల్డ్‌మన్ ఉంటాడు. నా కింద పనిచేసిన వాడు వెంకన్న. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సంఘాలకు పెంపకం, పట్టుబడి నేర్పడం, ఏదైనా జరిగితే నివేదిక రాయడం మా విధులు. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక నివేదిక గురించి. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా చెరువు చేపకు మంచి కాలం. చలికాలమంతా లోతున మందంగా పడి ఉన్న బొచ్చె, రవ్వ నీరు వెచ్చబడగానే తిండికి తిరుగుతాయి. పొద్దెక్కాక వాగు వచ్చి కలిసే మూలన మోకాలిలోతు నీటికి వస్తాయి, ఎందుకంటే అక్కడి నీరు ముందు వేడెక్కుతుంది. ఎనిమిది, పది గంటల మధ్య అక్కడ విసురు వల వేయాలి. ఎండ ముదిరితే చేప మళ్లీ తూము దగ్గరి లోతుకు పోతుంది. గాలం వేసేవాళ్లకు రవ్వకైతే తవుడు ముద్ద, కొర్రమట్టకైతే చిన్న కప్ప. కొర్రమట్ట, అంటే కొర్రమీను, తుంగ మొదళ్లలో పొంచి ఉంటుంది. గాలాన్ని సరిగ్గా దాని ముందర పడేస్తే బెదురుతుంది. ఒక మూర అవతల వేసి మెల్లగా లాక్కురావాలి. వీటిలో కొన్ని పుస్తకాల్లో చదివాను, ఎక్కువ భాగం సంఘం వాళ్ల దగ్గరే నేర్చుకుని డైరీలో రాసుకున్నాను.

శిక్షణలో ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పేవాణ్ని. తెల్లవారుతూనే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే అది ఆకలి కాదు, తవుడు చల్లవద్దు. వాటికి ఊపిరి అందడం లేదు. నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువును రాత్రంతా చేప, పాచి, అడుగు బురద అన్నీ వాడుకుంటాయి. తెల్లవారుజాముకు అది అడుగంటుతుంది. ఎండ పడ్డాక పాచి మళ్లీ తయారుచేస్తుంది. అందువల్ల చెరువును పొద్దుపొడవకముందే చూడాలని చెప్పేవాణ్ని. నేను మాత్రం తొమ్మిది గంటల బస్సుకు వెళ్లేవాణ్ని. ఆ ఊరి సంఘం అధ్యక్షుడు రామనర్సయ్య, “మా సారు బస్సు దిగేదాక చేపలు గూడ నిద్ర లెవ్వయ్” అని అందరినీ నవ్వించేవాడు. నేనూ నవ్వేవాణ్ని.

ఆ ఊరి చెరువుకు ఎగువన, వాగు పక్కన ఒక కోయగూడెం ఉంది. ఎండలు మొదలైతే గూడెం వాళ్లు వాగు మడుగుల్లో గార చెట్టు కాయలు దంచి కలుపుతారు. చేప మత్తెక్కి తేలితే చేతులతో ఏరుకుంటారు. ఆ పద్ధతి మడుగుకే పరిమితం. చెరువంత నీటికి ఎన్ని గంపల కాయలైనా చాలవు, పైగా వాళ్ల పశువులు తాగేది చెరువు నీళ్లే. ఈ సంగతి అడిగి ఉంటే మొదటిరోజే తెలిసేది. నేను అడగలేదు. గూడెంలో జోగయ్య అనే మనిషి ఉండేవాడు, నలభై ఏళ్లవాడు. వాగు మూలన గాలం వేయడం అతనికి తండ్రి నాటి నుంచి ఉన్న అలవాటు. సంఘం చెరువును గుత్తకు తీసుకున్నాక అక్కడికి రావద్దన్నారు. అతను మానలేదు. తగాదా నడుస్తూనే ఉంది.

మార్చిలో పట్టుబడికి మూడు వారాల ముందు, చేప ఇంకాస్త బరువెక్కుతుందని నేనే చెరువులో పేడ వేయమన్నాను. పేడతో పాచి పెరుగుతుంది, పాచి తిని బొచ్చె బలుస్తుంది. నిండు చెరువుకు అది సరైన సలహా, నీళ్లు తక్కువైతే కుళ్లే పేడ ఉన్న ప్రాణవాయువును తినేస్తుంది. ఆ ఏడు తూము కారి నీళ్లు సగానికి పడిపోయాయి. అది చూసి కూడా సలహా మార్చలేదు. తర్వాత వరసగా మూడు రోజులు మబ్బు పట్టింది. ఆ మూడు రోజులూ నా డైరీలో ఒకటే మాట ఉంది: “మబ్బు. గాలి లేదు. ఉక్క.”

నాలుగో రోజు పొద్దున ఎస్‌టీడీ బూత్ నుంచి రామనర్సయ్య ఫోన్ చేశాడు. చెరువు తెల్లగా అయిపోయిందన్నాడు. వెంకన్న, నేను చేరేసరికి పదిన్నర. మబ్బు విడిచి ఎండ కాస్తోంది. కట్ట పొడవునా చచ్చిన బొచ్చెలు తెప్పలుగా ఉన్నాయి. కట్ట మీది కరెంటు స్తంభానికి సంఘం వాళ్లు జోగయ్యను కొట్టి కట్టేశారు. అతని కుడిచెయ్యి మోచేతి కింద వాచి, పక్కకు తిరిగి ఉంది. ముందురోజు సాయంత్రం గంపతో వాగు మూలన కనిపించాడట. వెతికితే గంపలో గారకాయలు దొరికాయి. ఎగువ మడుగుకు తీసుకెళ్తున్నానని అతను చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

పోలీసులు వచ్చారు. మందు కలిపారా, ఊపిరాడక చచ్చాయా అన్నది మీరే చెప్పాలి అన్నారు. నేను పద్ధతి ప్రకారం నీటిని సీసాలో పట్టి పరీక్ష చేశాను. ప్రాణవాయువు సరిపడా ఉంది. కాబట్టి ఊపిరాడకపోవడం కారణం కాదని, విషం కలిసినట్టు అనుమానమని రాసి పంచనామాలో సంతకం చేశాను. ఫారంలో తేదీకి గడి ఉంది, సమయానికి లేదు. నమూనా తీసిన సమయం పదకొండూ ఇరవై అని నా డైరీలో మాత్రమే ఉంది. అప్పటికి రెండు గంటలుగా ఎండ కాస్తోందని, తెల్లవారుజామున ఆ నీటిలో ఏముందో పదకొండింటికి తెలియదని, ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు తోచలేదు. మనిషి స్తంభానికి కట్టి ఉన్నాడు, గంప కళ్ల ముందుంది. చెరువుకు రాకముందే నా మనసులో జవాబు తయారై ఉంది.

చచ్చిన చేపలను ప్రయోగశాలకు పంపారు. ఫలితానికి వారాలు పడతాయి. ఈలోగా నా కాగితం ఆధారంగా జోగయ్యను రిమాండుకు పంపారు.

ఆరోరోజు అతని భార్య ఎర్రమ్మ మా ఆఫీసుకు వచ్చింది. గడప లోపలికి రమ్మన్నా రాలేదు. నిలబడే మాట్లాడింది.

“సారూ, సచ్చినయి జూసి రాసిన్రు. బతికినయి జూసిన్రా?”

ఏంటమ్మా అన్నాను.

“తుంగల కొర్రమట్టలు ఇంకా తిరుగుతున్నయ్. నిన్న మా మరిది రెండు పట్టిండు. మందు గలిపితే అవెట్ల బతుకుతయ్? ఇది బొచ్చె, ఇది కొర్రమట్ట అని మందుకు తెలుస్తదా?”

నేను ప్రయోగశాల ఫలితం రావాలని ఏదో చెప్పబోయాను. ఆమె ఆగలేదు.

“మా ఆయనకు చెయ్యి ఇరిగింది. జైల్ల కట్టు కట్టిన్రో లేదో తెల్వదు. ఆయన మీద ఇంకేం లేదంట సారూ. మీరు రాసిన కాయితమే ఉన్నదంట.”

ఆ సాయంత్రమే చెరువుకు వెళ్లి బడి వరండాలో పడుకుని, ఐదింటికి లేచి నీరు తీశాను. ప్రాణవాయువు దాదాపు లేదు. మిగిలిన కొద్దిపాటి రవ్వలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. తుంగలో కొర్రమట్టలు మాత్రం మామూలుగా పైకొచ్చి, ఒక గుక్క గాలి మింగి కిందికి పోతున్నాయి. కొర్రమట్ట నీటి పైనున్న గాలినే పీల్చుకుని బతకగలదు. ఇది మా శాఖలో చేరిన మొదటి నెలలో నేర్పే పాఠం. ఇంకొకటి కూడా ఉంది. విషానికి చిన్న చేపలు ముందు చస్తాయి, ఊపిరాడకపోతే పెద్దవి ముందు చస్తాయి. డైరీ తీసి చూస్తే, చేపలు తేలిన రోజున నా చేతితోనే రాసి ఉంది: “చచ్చినవి బొచ్చెలు, దాదాపు అన్నీ పెద్దవి.” చూసింది రాశాను. రాసిన దాని అర్థం చూడలేదు.

ఖమ్మం వెళ్లి ఏడీ గారికి అంతా చెప్పి, సవరణ నివేదిక ఇస్తానన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. తలుపు దగ్గరికి వేసి, “మందు కాదంటే, మరి పేడ ఎవరు వెయ్యమన్నారని అడుగుతారు. ఏం చెప్తారు? ప్రయోగశాల ఫలితం రానియ్యండి. మీరు చెప్పాల్సింది అదే చెప్తుంది” అన్నారు. నా పదోన్నతి ఫైలు అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది. నేను ఆగాను. పంతొమ్మిది రోజులు ఆగాను. ఆ రోజుల డైరీలో వాతావరణం ఉంది, బస్సు ఆలస్యాలున్నాయి. జోగయ్య పేరు లేదు.

ఫలితం వచ్చింది. చేపలు కుళ్లిపోయి చేరినందున ఏమీ తేల్చలేమని రాశారు. అప్పుడు నేను, రెండు నమూనాల సమయాలు, కొర్రమట్టల సంగతి, పేడ సలహా అన్నీ కలిపి రెండో నివేదిక రాసి ఏడీ గారికి, ఠాణాకు పంపి, ఎర్రమ్మ పెట్టుకున్న వకీలుకు ఒక నకలు ఇచ్చాను. వారానికి జోగయ్యకు బెయిలు వచ్చింది. లోపల నెలకు తక్కువ కాకుండా ఉన్నాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది. వేళ్లు ముడుచుకోవు. కొడవలి గానీ గాలం గానీ ఆ చేతితో పట్టలేడు.

రామనర్సయ్యతో మాట్లాడాను. కారణం తేలకుండానే మనిషిని కొట్టారని అన్నాను. “మందని మీరే అన్నరు గద సారూ” అన్నాడు. నేను రాకముందే కొట్టారు కదా అన్నాను. “మీరొచ్చినంక ఇప్పమనలేదు గద” అన్నాడు.

గూడేనికి వెళ్లాను. జోగయ్య మంచంలో కూర్చుని ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. అతను తిట్టలేదు.

“ఆ పొద్దు మీరు కట్ట మీదికి వస్తుంటే నా గండం గడిచిందనుకున్న సారూ. చేపల సారు గద, నీళ్లు జూస్తే తెలుసుకుంటడనుకున్న.”

తర్వాత ముఖం అటు తిప్పుకున్నాడు. ఎర్రమ్మ ఇక పోయిరమ్మంది.

కేసు ఆ తర్వాత కొట్టేశారు. చెయ్యి విరగ్గొట్టినందుకు ఎవరి మీదా కేసు కాలేదు. నాకు ఒక మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను, ఫైలు మూసేశారు. మరుసటి ఏడు పదోన్నతి కూడా వచ్చింది. జోగయ్య కుటుంబం గోదావరి అవతల బంధువుల గూడేనికి వెళ్లిపోయిందని వెంకన్న చెప్పాడు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇది. చెరువులో చేప చస్తే నీటి నమూనాను పొద్దుపొడవకముందు తీయాలి. వీలు కాకపోతే తీసిన సమయం ఫలితం పక్కనే రాయాలి, సమయం లేని ఫలితం అబద్ధంతో సమానం. చచ్చినవాటితోపాటు బతికినవాటినీ నమోదు చేయాలి. సలహా ఇచ్చిన అధికారి ఆ సలహా వల్ల జరిగిన నష్టంపై తానే నివేదిక రాయకూడదు, వేరొకరిని పంపమని రాసివ్వాలి. రిటైరయ్యేదాకా వీటిని పాటించాను. పై అధికారి ఆగమన్నా ఆగకూడదని కూడా నేర్చుకున్నాను. అలాంటి సందర్భం నాకు మళ్లీ రాలేదు కాబట్టి, వచ్చి ఉంటే ఆగకుండా ఉండేవాణ్నో లేదో చెప్పలేను.