వెనక డబ్బాలో వాన

రాసుకో బుజ్జీ. గుమ్మడికాయ వడియాల్ని వానకి నానబెట్టి, ఆ వాన చప్పుడుని సోఫాలో కూర్చుని మెచ్చుకున్న మనిషి కోనసీమ మొత్తం మీద ఒక్కర్తే ఉంది. ఆవిడ మీ నానమ్మ. నవ్వుతూ రాయకు, అక్షరాలు తప్పుతాయి.

తప్పు నాది కాదని ముందే రాసెయ్. ఆ డబ్బాలది. మూడేళ్ళ కిందట వేసవిలో మీ నాన్న అమలాపురం నుంచి హోం థియేటర్ తెచ్చాడు. టీవీ దగ్గర మూడు డబ్బాలు, సోఫా వెనక పెరటి గుమ్మానికి అటొకటి ఇటొకటి, మూల పొట్టేలులా గుద్దే పెద్దది ఇంకొకటి. కిటికీలకి కర్టెన్లు లాగేసి నాకో ఆజ్ఞ వేశాడు.

"వెనక్కి తిరక్కమ్మా. ఏం వినపడినా తెర వైపే చూడు. అప్పుడే మజా."

అత్తగారి మాట కూడా నేనంత బుద్ధిగా వినలేదు.

ఇక్కడ వడియాల సంగతి చెప్పాలి. రాజోల్లో మా ఆడపడుచు రత్నం మనవరాలి పెళ్ళి. నా వడియం కొరికితే పన్ను కదులుతుందని ఆవిడ ఎప్పుడో నలుగురిలో అంది. అది కడుపులో పెట్టుకుని, పెళ్ళి భోజనాల్లోకి వడియాలు నేనే పంపుతానని నేనూ నలుగురిలోనే మాటిచ్చాను. పెరట్లో నులక మంచం మీద పాత పంచె పరిచి పెట్టాను. నా పరువంతా ఆ పంచె మీద ఎండుతోందన్నమాట.

ఆ మధ్యాహ్నం సినిమాలో హీరో ఇంట్లో అలిగి వెళ్ళిపోతున్నాడు. ఉన్నట్టుండి నా వెనక, సరిగ్గా పెరట్లో, టపటపమని చినుకులు. కొబ్బరాకు మీద పడే చప్పుడు వేరు, రేకు మీద పడే చప్పుడు వేరు. రెండూ విడివిడిగా వినపడ్డాయి. వడియాలు పెట్టినదానికి కొడుకు ఆజ్ఞ గుర్తుంటుందా? పరుగెత్తాను. మంచం సగం లోపలికి ఈడ్చి, గోడ మీంచి పక్కింటి వీర్రాజుని కేకేశాను. అతని ధాన్యం రోడ్డు మీద ఆరుతోంది. అతనూ, అతని భార్యా చెరో కొసా పట్టుకుని బరకాలు కప్పేశారు. వాళ్ళని చూసి వీధి చివరిదాకా అందరూ కప్పేశారు. అప్పుడు తలెత్తి చూశాను. ఎండ పెనంలా కాలుతోంది.

వీర్రాజు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. తిట్టినా బాగుండును. మనవాళ్ళ మర్యాద ఉంది చూశావూ, అది మనిషిని బతకనివ్వదు.

"అమ్మగారండీ, ఏమీ అనుకోకండి. మబ్బు మీ ఇంట్లో ఏ గదిలో పట్టిందండీ?"

"టీవీలో వానొచ్చింది వీర్రాజూ."

"ఆయ్. మా ధాన్యం బయటుందండి మరి."

మర్నాడు పాలకి వెళితే, గొడుగు తెచ్చుకోలేదేంటండీ అని పాలావిడ కూడా అడిగింది. ఒళ్ళు మండిపోయింది. నేను, అరవై వేసవులు వడియాలు పెట్టినదాన్ని, ఓ చెక్కడబ్బా చేతిలో మోసపోవడమా? మూడోరోజు వడియాల మంచం మళ్ళీ ఎండలోకి లాగి, పంతం కొద్దీ అదే సినిమా మళ్ళీ పెట్టించాను. పక్కన మీ తాతయ్య. హీరో అలిగాడు. వెనక వాన మొదలైంది. నేను కదల్లేదు. కాలు మీద కాలేసుకున్నాను కూడా.

"ఏమేవ్, మట్టివాసనొస్తోంది" అన్నారు మీ తాతయ్య.

"కొత్త రకం డబ్బాలు కదండీ, వాసన కూడా పెట్టుంటారు. మీరు వెనక్కి తిరక్కండి."

చల్లగాలి వీపుకి తగిలింది. దాన్నీ మెచ్చుకున్నాను. అంతలో వెనక నించి ఓ గొంతు, "అమ్మగారండీ, వానండీ, వడియాలండీ" అని. మొన్న ఇక్కడే లేచి పరుగెత్తాను కదా, తరవాత కథేమిటో నాకేం తెలుసు?

"ఎవరో మన గోదావరి మనిషి చేతే చెప్పించారండీ. అచ్చం మన వీర్రాజే" అన్నాను.

కరెంటు పోయింది. తెర నల్లబడింది. హీరో పోయాడు. వాన మాత్రం పోలేదు. నాలుగు చినుకులు పడితే మన ఊళ్ళో కరెంటు ఉండదని పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని, ఏమన్నానో రాయి.

"చూశారా, కరెంటు లేకపోయినా వెనక డబ్బాలు ఎంత బాగా పనిచేస్తున్నాయో."

మీ తాతయ్య నా తల రెండు చేతులతో పట్టుకుని వెనక్కి తిప్పారు.

పెరటి గుమ్మంలో వీర్రాజు, నిలువునా తడిసి, చేతిలో పంచె మూటతో. మూటలోంచి తెల్లగా కారుతోంది. అతని ధాన్యం మాత్రం భద్రం. నా కేక మీద నమ్మకం పోయాక, వీధిలో అందరూ ఆకాశాన్ని తామే చూసుకుంటున్నారట.

"ముద్దయిపోయినియ్యండి. గారెలేసుకుంటారేమోనని మూటగట్టి తెచ్చేనండి" అన్నాడు.

రత్నానికి ఫోన్ చేసి నిజం చెప్పక తప్పలేదు.

"పోన్లే వదినా. ఆ వెనక డబ్బాలో ఎండ కూడా వస్తాదేమో, పెట్టి చూడు" అంది.

పెళ్ళిలో కొన్న వడియాలు వేశారు. నేను ఒక్కటీ ముట్టలేదు. మీ తాతయ్య నాలుగు తిని, బాగున్నాయన్నారు. ఆ సంగతి ఇంకా మా మధ్య తేలలేదు.

ఇప్పుడిది పెద్దక్షరాలతో రాయి. దేవుడి పటం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఈ జన్మలో ఇక వానని చెవులతో తేల్చను. చెయ్యి బయటపెట్టి, మోచేతి దాకా తడిస్తేనే వాన. అంతవరకూ ఎంత కురిసినా ఒప్పుకోను.

ఏంటే, డాబా మీద చినుకుల చప్పుడా? బట్టలున్నాయా? నేను నమ్మను. నువ్వెళ్ళి చెయ్యి తడుపుకుని రా.