వలదారం చుట్టిన సిరంజి

పలాస బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోంచి ఓ లావుపాటి సిరంజి తీశాడు. స్కానింగప్పుడు మిషను ఒంట్లోకి మందు తోసేది దాంతోనే. ఒకరికి వాడి మిషన్లోంచి తీయగానే, దాన్ని అందులో పట్టి ఉంచే అంచు చెవి విరిగిపోవాలి, ఒకరి నెత్తురు ఇంకొకరికి అంటకూడదని. ఆ చెవి ఎంత పల్చగా ఉండాలో తేల్చడానికి మా కంపెనీలో నాకు రెండేళ్లు పట్టింది. ఆ పొద్దున్నే బస్టాండు పక్క స్కానింగు సెంటరు డాక్టరు దాన్ని తెగ మెచ్చుకుని నా చేయి పట్టుకుని ఊపాడు.

విరిగిన చోట నైలాన్ దారం చుట్టి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"నా పనే బాబూ. మాది భావనపాడు, వలలు బాగుసేత్తాను. ఈ సెవి ఇరిగిపోతందని బస్టాండు పక్క స్కానింగు సెంటరోళ్లు నాకిచ్చారు. వలదారంతో బిగించి కట్టేత్తే మళ్లీ మిషన్లో కూకుంటాది. ఒక్కోటి పదిమందికి వత్తాది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ డాక్టరు ఊపిన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాను. ఈయనకైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే ఆయన చొక్కా చేయి పైకి జరిపాడు. మోచేతి మడతలో దూది, మీద ప్లాస్టరు.

"ఇయాల స్కానింగులో నాకూ నాను కట్టిన దాంతోనే మందెక్కించారు," అని నవ్వి, సిరంజి నా చేతిలో పెట్టాడు. "ముడి ఎలాగుంది బాబూ?"

"గట్టిగా ఉంది," అన్నాను. టెక్కలిలో ఆయన దిగేదాకా నేనన్నది అంతే.