ట్యాబ్‌కు దండం

ఎంత పెద్ద అధికారి ఇంటికి వచ్చినా మా తాతగారు కుర్చీలోంచి లేచేవారు కాదట. వీణను హాల్లోకి తెస్తుంటే మాత్రం లేచి నిలబడేవారట. ఆ హాలు ఇప్పుడు సిమెంటు గోడౌను. పొలాలు పోయాయి, పేరు పోయింది. వాద్యానికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకునే అలవాటు ఒక్కటే నాతో అమెరికాలోని ఈ మోరిస్‌విల్ దాకా వచ్చింది. దాన్ని మా అమ్మాయికి నేర్పాను.

అది ఐదో తరగతిలో ఉండగా బడిలో మ్యూజిక్ క్లాసుకి ట్యాబ్‌లు వచ్చాయి. చెక్క జైలోఫోన్లు, చిన్న డ్రమ్ములు అలమారాలోకి వెళ్ళిపోయాయి. పిల్లలు కార్పెట్ మీద కూర్చుని అద్దం మీద వేళ్ళు ఆడిస్తే చాలు, వయొలిన్ పలికేది, పియానో పలికేది. నాకు ఒళ్ళు మండింది. తీగ లేదు, కర్ర లేదు, వేళ్ళు కాయలు కాసే పనే లేదు. "అది బొమ్మ. దాన్ని వాద్యం అనకు" అని ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాను. ఏడాది చివరి కార్యక్రమంలో మొదటి పాట తనొక్కతే వాయించాలని టీచర్ చెప్పిందంటూ ఎగురుకుంటూ వచ్చిన రోజు కూడా అదే చెప్పాను.

కార్యక్రమం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం కారెక్కుతూనే ఏడుపు.

"అమ్మా, నేను సోలో చెయ్యను. టీచర్‌కి చెప్పెయ్."

కార్పెట్ మీద సర్దుకుని కూర్చోబోతే కాలు ట్యాబ్‌కి తగిలిందట. అలవాటుగా తాకి కళ్ళకద్దుకుంది. పక్క పిల్ల చూసింది. ఇంకేముంది, క్లాసంతా తమ ట్యాబ్‌లకి వంగి వంగి దండాలు పెట్టడం మొదలుపెట్టారు.

"టీచర్ ఏమంది?"

"ఇట్స్ ఓన్లీ ఎ డివైస్, నువ్వలా చెయ్యక్కర్లేదు అంది."

కారు మళ్ళీ పార్క్ చేసి లోపలికి వెళ్ళాను. టీచర్ ట్యాబ్‌లు చార్జింగ్‌కి పెడుతోంది. కూర్చోమంది. కూర్చోలేదు. పిల్లల్ని మందలించానని, మా అమ్మాయికి సిగ్గుగా ఉంటే సోలో మానేసి వెనక అందరితో కలిసి వాయించవచ్చని ఎంతో మర్యాదగా చెప్పింది.

"వెక్కిరించినవాళ్ళు ముందుంటారు, గౌరవించిన పిల్ల వెనక్కి వెళ్ళాలా?" అన్నాను. "ఉత్త పరికరమే అయితే దీన్ని సంగీతం క్లాసని ఎందుకంటున్నారు?"

ఆమె చేతిలోని ట్యాబ్ పక్కన పెట్టి, "మీరు బొమ్మ అంటారని మీ అమ్మాయి చెప్పింది" అంది.

నా ఇంట్లో నేనేమన్నా అది నా ఇష్టం. ఆ మాట ఆమె నోట వినడం భరించలేకపోయాను. "మొదటి పాట మా అమ్మాయిదే" అని చెప్పి వచ్చేశాను.

కారులో ఇంకో పేచీ.

"వద్దన్నాను కదా! నువ్వే టాయ్ అంటావ్, మళ్ళీ నువ్వే ఫైట్ చేస్తావ్. ఏది కరెక్ట్ అమ్మా?"

"నువ్వు దండం పెట్టేదాకా బొమ్మే. పెట్టాక కాదు."

"దట్ మేక్స్ నో సెన్స్."

"మన ఇంట్లో అంతే."

కిటికీలోంచి చూస్తూ ముక్కు తుడుచుకుంది. "సరే. కానీ వాళ్ళు మళ్ళీ లాఫ్ చేస్తే?"

"నవ్వడం అయ్యేదాకా ఆగు. అయ్యాక మొదలుపెట్టు. మనకేం తొందర?"

కార్యక్రమం బడి భోజనాల హాల్లోనే. మా అమ్మాయి వేదిక మీద మఠం వేసుకుని కూర్చుంది. అందరూ చూస్తుండగా ట్యాబ్‌ని తాకి కళ్ళకద్దుకుంది. వెనక కిసకిసలు. అవి పూర్తిగా ఆగేదాకా ఆగి, అప్పుడు వేలు కదిపింది. ఆ పల్చటి వయొలిన్ ధ్వని ఇప్పటికీ నా చెవికి రేకు మీద గీసినట్టే ఉంటుంది. అయినా మెడ తిప్పకుండా విన్నాను.

పక్క కుర్చీలో ఉన్న తెలుగాయన, మా అపార్ట్‌మెంట్లలోనే ఉంటాడు, నా వైపు వంగాడు.

"ఏంటండీ, పాప గేమ్ ఆడుతోందా? ఏ లెవెల్లో ఉంది?" తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"కచేరీ జరుగుతోంది" అన్నాను. "కాస్త నోరు మూసుకోండి."