పొయ్యిలార్పిన ఊరి మీదికి కొండమంట

శృంగవరపుకోట మీదుగా కొండల వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఏ నెలలో వెళితే బాగుంటుందని నన్ను అడుగుతుంటారు. చలికాలంలో వెళ్లండని చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను ఆ దారిన మొదటిసారి వెళ్లింది మండుటెండల్లో, అరవైల చివర, నాకు ఇరవై రెండేళ్లప్పుడు. సరదాకి కాదు. మా అప్పకి, అంటే మా అక్క సింహాచలానికి, కొడుకు పుట్టాడని కబురొచ్చింది. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. మా అమ్మ లేదు కనక పురుడు అత్తవారింట్లోనే పోశారు. మా పెద్దమ్మ శొంఠి, పిప్పళ్లు, బెల్లం దంచి బాలింత కాయం చేసి సీసాకెత్తి, "నువ్వే పట్టుకెల్లు. గుంటడ్ని సూసి ఎవరి పోలికో వచ్చి సెప్పు" అని నన్ను తరిమింది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం విజయనగరం గంటస్తంభం దగ్గర కాఫీ హోటల్లో కూర్చున్నాను. రేడియోలో ప్రాంతీయ వార్తలయ్యాక వాతావరణం చదివారు. ఉత్తర కోస్తాలో రెండు రోజులపాటు పడమటి నుంచి బలమైన పొడిగాలులు వీస్తాయట. కొండల మీద, ఎండు గడ్డిబీళ్లలో నిప్పు రాజుకునే ప్రమాదం ఉందట. ప్రజలు జాగ్రత్తగా ఉండాలట. సముద్రం మీదికి పోవద్దని చేపలవాళ్లకు చెబితే అర్థముంది గానీ, వేసవిలో గాలి వీస్తుందనేది కూడా ఒక వార్తేనా అని పక్కవాడితో వెటకారమాడాను. ఆ వయసులో నాకు తెలియనిది లేదు మరి!

పొద్దున్న ఆరు గంటల బస్సు. టిక్కెట్టు రూపాయికి కాస్త లోపే. గంట్యాడ దాటేసరికి కిటికీ పక్క సీటు సంపాదించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ముఖం మీద ఇసక చల్లినట్టు గాలి. తాటిచెట్ల మట్టలన్నీ తూర్పుకి తిరిగి నిలబడిపోయాయి. ఎనిమిది కాకుండానే శృంగవరపుకోటలో దిగాను. ఆరోజు సంత. అంతమంది జనంలోనూ గాలి హోరు వేరుగా వినిపిస్తోంది. జట్కా మాట్లాడుకుందామని వెళితే, జట్కా తోలే అప్పన్న ముందు నన్ను హోటల్లోకి పొమ్మన్నాడు.

"కడుపునిండా తినీసి రండి బాబూ. ఈ గాలికి కొండకింద ఊర్లల్ల పొయ్యిలెట్టరు."

"గాలొస్తే అన్నం వండరా? ఇదెక్కడి చోద్యం?"

"పైన పోడోళ్లు కొండ తగలెట్టినారు గదా. మొద్దులింకా రాజుతన్నాయి. ఈ గాలికి ఏటవతాదో ఎవలికి తెలుసు?"

పోడంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కొండవాళ్లు వానలకు ముందు ఏటవాలు మీద చెట్టూచేమా కొట్టి, ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో విత్తనం చల్లుతారు. ఆ నిప్పు వాళ్ల చెప్పుచేతల్లోనే ఉంటుంది, గాలి లేనప్పుడు. నేను నాలుగు ఇడ్లీలు తిని జట్కా ఎక్కాను. కొత్తగా వేసిన రైలు కట్ట దాకా అర్ధరూపాయి. అక్కణ్ణించి కొండకేసి రెండు మైళ్లు నడక. వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే ఆ నడక ముగించుకోండి. నేను ముగించేసరికి పది దాటింది.

అప్ప అత్తవారి ఊళ్లోకి అడుగు పెట్టీపెట్టగానే డప్పు. చాటింపు వేసే దాలయ్య వీధి మధ్య నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"పొయ్యిలార్పండహో! సుట్టలార్పండహో! గాలి తగ్గిందాకా ఊర్ల అగ్గి ముట్టించకూడదహో!"

అతని చంకలో బుట్ట, బుట్టనిండా అగ్గిపెట్టెలు. పంచాయతీ రేడియోలో వార్త విన్న దగ్గర్నుంచి గడపగడపకీ తిరిగి పోగుచేస్తున్నాడు. నా జేబుకేసి చూపించి, "మీదీ ఇలగియ్యండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేనీ ఊరివాణ్ణి కాదయ్యా!"

"అగ్గికి మీ ఊరూ మా ఊరూ తెల్దు కదేటి బాబూ."

ఇచ్చేశాను. ఆ పెట్టెలన్నీ పంచాయతీ ఆఫీసులో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారట. నలభై గడపల ఊళ్లో ఒక్క ఇంటి మీదా పొగ లేదు. అన్నీ గడ్డికప్పు ఇళ్లే, మట్టి మెత్తిన తడిక గోడలే. ఒకదానికి అంటుకుంటే చివరిదాకా ఆగదు. వెటకారమాడిన నోరు దానంతటదే మూతపడింది.

అప్పవాళ్ల ఇల్లు కొండవైపు చిట్టచివరిది. అప్ప అత్తగారు అప్పలనర్సమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద పెట్టింది. "పొయ్యెట్టలేదురా సూరీ, ఏటనుకోకు" అంది. మగవాళ్లు పురిటిగదిలోకి వెళ్లకూడదు కనక తలుపు బయటే నిలబడి పలకరించాను.

"అప్పా, ఎవరి పోలికే?"

"ముక్కు నీదేరా. ఏటి సేస్తాం, ఆడి కర్మ" అంది లోపల్నుంచి. అప్ప అలా నవ్వి ఎన్నేళ్లయిందో! నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఇంతలో దాలయ్య వచ్చాడు, వెనకే ఊరిపెద్ద గౌరునాయుడు మావ. ఊళ్లో ఆరని నిప్పు ఇంకొక్కటే ఉంది. పురిటిగదిలో కుంపటి. అది కూడా ఆర్పాలన్నారు. అప్పలనర్సమ్మ అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రెండు కాన్పులు మట్టిపాలయిపోనాయి. ఈ గుంటడికి పదకొండో దినం దాకా అగ్గి తప్పించను. పురిటి నిప్పు ఆర్పకూడదు, గడప దాటకూడదు. జోలికొచ్చినోడి కాళ్లిరగ్గొడతాను!"

ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ ఊళ్లో లేడని మావ ముఖం చూస్తేనే తెలిసింది. చివరికి కుంపటి చుట్టూ తడి ఇసక పోసి, పక్కన కడవెడు నీళ్లు పెట్టి, ఆవిడ గుమ్మంలోంచి కదలకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

రెండు గంటలవుతుండగా కొండ పొగలేసింది. మొదట తెల్లగా, తర్వాత పచ్చగా, ఆపైన నల్లగా. చూస్తుండగానే ఎర్రటి గీత ఒకటి ఏటవాలు దిగడం మొదలుపెట్టింది. దూరం నుంచి చూసినప్పుడు అందంగానే ఉంది, అబద్ధమెందుకు. దగ్గరయ్యేకొద్దీ చప్పుడు వచ్చింది. పచ్చి వెదుళ్లు ఫెళ్లుమని పేలుతున్నాయి. నిప్పురవ్వలు మా తలల మీదుగా ఎగిరిపోతున్నాయి. ఓలమ్మో! అంత పెద్ద మంటను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఊరివాళ్లకు మాత్రం ఆడాయి. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఆడవాళ్లు చీపుళ్లతో, మగవాళ్లు పారలతో కొండ అంచుకి పరిగెత్తారు. ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డు నుంచి పెద్ద బండ దాకా, బండి పట్టేంత వెడల్పున ఎండుగడ్డీ ఆకులూ ఊడ్చి నేల బయటపెట్టారు. ఊరి కప్పుల మీద ముసలమ్మలు కుండలతో నీళ్లు కుమ్మరిస్తున్నారు. గోనెసంచులు గెడ్డలో ముంచి తెచ్చారు. నాకూ ఒకటిచ్చారు. ఊడ్చిన బాట ఒక్కటీ చాలదు, ఈ గాలికి మంట దాన్ని దూకేస్తుంది. అందుకని బాటకి అవతల మనమే నిప్పుపెట్టి, వచ్చే మంటకు తిండి లేకుండా చేయాలి. దాన్ని ఎదురుమంట అంటారు.

మా బావ ఒక్కడే పరిగెత్తుకుని ఇంటికొచ్చాడు. "అమ్మా, ఆల్లిద్దర్నీ గెడ్డ దాటించీస్తాను, తప్పుకో!" అన్నాడు.

"పదకొండో దినం దాకా బాలింత గడప దాటదు" అంది అత్త.

"మంట ముందొచ్చేది ఈ ఇంటి మీదికే! నువ్వు మనిషివేనా అత్తా?" అని అరిచాను. ఆవిడ రెండు చేతులా ద్వారబంధం పట్టుకుంది. తలుపు వెనక నుంచి అప్ప గొంతు వినిపించలేదు. బావను అవతల పిలుస్తున్నారు, వెళ్లక తప్పలేదు.

గౌరునాయుడు మావ బాట మీద గుప్పెట్లో ఊక పట్టుకుని నిలబడ్డాడు. కాస్త కాస్త వదులుతున్నాడు. ఊక ఊరివైపే ఎగిరిపోతోంది. ముప్పై నలభై ఏళ్లు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టిన చెయ్యి అది. "మంట దగ్గరికొస్తే గాల్ని తనకేసి లాక్కుంటాదిరా. ఊక ఎదురు తిరిగినప్పుడే ముట్టించాల. ముందు ముట్టిస్తే మనల్నే కాలుస్తాది. ఎనకైతే ఇంకేటున్నాది" అన్నాడు నాతో. తర్వాత చెయ్యి వెనక్కి చాపి, "అగ్గిపెట్టి" అన్నాడు.

ఎవరూ ఇవ్వలేదు. ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. అగ్గిపెట్టెలన్నీ ఊరి అవతలి చివర పంచాయతీ ఆఫీసులో, ఇనప్పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి గుమాస్తా మొలతాడుకుంది. గుమాస్తా కోటలో సంతకెళ్లాడు. అంత జాగ్రత్తపడిన ఊళ్లో, అంత మంట ఎదురుగా ఉండగా, ముట్టించడానికి నిప్పు లేదు! దాలయ్య డప్పు అక్కడే పడేసి తాళం పగలగొట్టడానికి గొడ్డలితో పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేసరికి ఏమీ మిగలదని అందరికీ తెలుసు.

మావ అప్పవాళ్ల ఇంటివైపు చూశాడు. నోరు తెరిచి అడగలేదు. గుమ్మంలో అత్త లేదు. మరుక్షణం ఆవిడ బయటికొచ్చింది, చెంగు చేతులకు చుట్టుకుని కుంపటి ఎత్తిపట్టుకుని. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాటింది. వచ్చి మావ కాళ్ల దగ్గర దించింది.

"పట్టుకెల్లు. తప్పు నాది. ఆ అమ్మోరు తల్లి కోపగిస్తే నన్ను సూసుకుంటాది, నా మనవడ్ని కాదు" అంది.

మావ ఎండుగడ్డి చుట్టలు కణికల మీద పెట్టి ఊదాడు. మళ్లీ ఊక వదిలాడు. ఊరివైపు. మళ్లీ వదిలాడు. ఊక కాసేపు ఎటూ పోకుండా అక్కడే సుడి తిరిగింది. మళ్లీ వదిలాడు. ఈసారి అది, అంత గాలి తోలుతున్న దిక్కుకి వ్యతిరేకంగా, మెల్లగా కొండకేసి వెళ్లింది. "బేగి!" అని అరిచాడు మావ. బాట పొడుగునా చుట్టలు పడ్డాయి. మేం పెట్టిన మంట ఊరికేసి రాకుండా, పెద్ద మంట పిలిచినట్టు దానికేసి పరిగెత్తింది. ఇటు పడిన రవ్వల్ని తడి గోనెలతో బాదుతున్నాం. రెండు మంటలూ కలుసుకున్నాయి. తాటిచెట్టంత ఎత్తు లేచాయి. అంతే, తినడానికేమీ లేక కూలిపోయాయి. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఎవరో దగ్గడం వినిపించింది.

బావా, నేనూ, అత్తా ఇంటికి పరిగెత్తాం. కప్పు చెక్కుచెదరలేదు. పురిటిగది తలుపు తీస్తే మంచం ఖాళీ. బావ కేక పెట్టాడు. అప్పుడు చూశాం, తూర్పు గోడ తడిక కింది నుంచి నడుమెత్తు దాకా కోసి ఉంది. మట్టి పెళ్లలు లోపలే పడి ఉన్నాయి. దాని అవతల పెరట్లో అప్ప కూర్చుని ఉంది. బిడ్డ చీరతో గుండెలకు కట్టి ఉన్నాడు. పురిటి మంచం కింద దిష్టికి పెట్టే కొడవలి ఒళ్లో ఉంది. భుజం దోక్కుపోయి నెత్తురు కారుతోంది. మేం బయట తేల్చుకుంటున్నంతసేపూ తను లోపల గోడ కోస్తూనే ఉంది. చీకటి గదిలో తలుపు పక్కనున్న కుంపటి ఎత్తుకుపోయిన అత్త, మంచం చాటున జరుగుతున్నది చూడనేలేదు.

"మీరు తేల్సుకున్నదాకా నాను తొంగుండాలేటి?" అంది, అత్తగారి కళ్లలోకి చూస్తూ.

ఇంక అయిపోయింది, రభస తప్పదనుకున్నాను. అత్త ఆ కంతని చూసింది. అప్పని చూసింది. గదిలోని కడవలో కొంగు తడిపి, ఆ కంతలోంచే వంగి పెరట్లోకి వెళ్లి ఆ భుజం తుడవసాగింది.

"ఇంకాసింత పెద్దది కొయ్యకపోనావేటే? సూడు, ఎలగ గీసుకుపోనాదో" అంది.

నాలుగున్నరకి గాలి పడిపోయింది. నేను మర్నాడు మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చాను. ఆ గోడకి వెంటనే మట్టి మెత్తబోతే అత్త పడనివ్వలేదని, వానలు పడేదాకా చాప వేలాడదీసి ఉంచిందని తర్వాత తెలిసింది. ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాను. కొండలు బాగుంటాయి, లోయలు బాగుంటాయి, తప్పకుండా వెళ్లండి. గాలిని చేత్తో చదివిన మావనీ, ఎన్నేళ్ల పట్టింపునో రెండు చేతులా ఎత్తి గడప దాటించిన అత్తనీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ అన్నిటికంటే నన్ను అబ్బురపరిచింది, లోపల ఏ చప్పుడూ చేయకుండా కొడవలి ఆడించిన మా అప్ప. ఒక్క సలహా: వేసవిలో పడమటి గాలులని రేడియో చెబితే ప్రయాణం వాయిదా వేసుకోండి. తప్పదా, వెళ్లండి. కానీ ఏ ఇంట్లో దిగినా, మంచినీళ్లు అడగకముందే రెండో దారి ఎక్కడుందో చూసుకోండి. లేకపోతే దేనితో చేసుకోవచ్చో చూసుకోండి.