బొమ్మలో బహుశా

మా డ్రాయింగ్ సారు పోయిన సంగతి సారు భార్యే ఫోన్ చేసి చెప్పింది. ఆమెను మేమందరం అమ్మ అనే పిలుస్తాం. "సారు ఇంక లేడప్పా. నిదానంగానే రా, బస్సు ఎనకాల ఉరకొద్దు" అన్నది. నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరు చేరేసరికి ఇంటి ముందర కుర్చీలు వేసి ఉన్నాయి. ఆ వీధిలో మగ్గాలు ఆ పూటకు ఆపేశారు. సారును నడవలో పడుకోబెట్టారు. కుడిచేతి చూపుడువేలి గోరు పక్కన నల్లరంగు ఇంకా పోలేదు. స్నానం చేయించినవాళ్లు రుద్ది చూసి వదిలేసినట్టున్నారు.

ఆదోనిలో మేం చదివిన హైస్కూల్లో ఆయన డ్రాయింగ్ మాస్టరు. రిటైరయ్యాక ఎమ్మిగనూరులో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశారు. కథల పుస్తకాలు కాదు. పత్తి గింజ నుంచి బట్ట దాకా ఏం జరుగుతుంది, కన్ను ఎట్లా చూస్తుంది, మన నేల మీద పూర్వం ఎవరు బతికారు, ఇట్లాంటివి. మాటలు నేను రాసేవాణ్ణి. కౌతాళం వైపు ఒక ప్రాథమిక బడిలో నాకు ఉద్యోగం. హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణకర్త వాటిని అచ్చువేసేవారు.

సారు పెన్సిలును బ్లేడుతోనే చెక్కేవారు. చెక్కిన పొట్టును ఒళ్లో పోగుచేసుకుని, లేచేటప్పుడు మరిచిపోయి నడవంతా రాల్చేవారు. అమ్మ చీపురు పట్టుకునే మాట్లాడేది. "ఈయప్ప ఆవుకు కొమ్ములు మొలిపించేలోపల నేను రెండుసార్లు టీ కాసినాను. నువ్వన్నా సెప్పప్పా, తొందరగా గీయమని." సారు తలెత్తకుండా, "ఆవు నీ మాట ఇంటే నాకేం అడ్డం లేదు" అనేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. బొమ్మ పూర్తయ్యాక నేను రాసిన మాటల మీద తెల్లకాగితం కప్పి, మా బడికి తెచ్చి, పిల్లల ముందు కుర్చీ మీద నిలబెట్టేవారు. ఇది ఏందో చెప్పండి అనేవారు. తాను మాత్రం పిల్లల వెనక వరసలో నేల మీద కూర్చునేవారు. "ముందర నిలబడితే బొమ్మను సూడరప్పా, నా మొగం సూసి సెప్తారు" అనేవారు. పిల్లలు పోల్చుకోలేకపోతే ఆ బొమ్మ ఇంటికి పోయి మళ్లీ మొదలయ్యేది. భూమిని సగానికి కోసి లోపలి పొరలు చూపించిన బొమ్మను చూసి పిల్లలంతా ఒక్క గొంతుతో "ఉల్లిగడ్డ" అన్నారు. నేను తల వంచుకున్నాను. సారు మాత్రం నవ్వి, "బొమ్మ బాగుంది. నువ్వే ఉల్లిగడ్డ నుంచి మొదలుపెట్టి తిరగరాయి" అన్నారు. రాశాను. మా పుస్తకాల్లో పిల్లలు ఎక్కువగా చదివింది ఆ పేజీనే.

ఆఖరి పుస్తకం బూడిద దిబ్బ గురించి. మా బడి ఉన్న ఊరి పొలాల్లో ఆ దిబ్బ ఉంది. ఎవరో రాక్షసుణ్ణి అక్కడ కాల్చారని పెద్దవాళ్లు చెప్తారు. వేల ఏళ్ల కిందట పశువుల్ని మేపుకుని బతికినవాళ్లు పేడ కుప్ప పోసి, కాల్చి, మళ్లీ పోసి కాల్చగా అంత ఎత్తు పెరిగిందని తవ్వి చూసినవాళ్లు అంటారు. మేం చూడటానికి పోయిననాడు పొలం ఆసామి ట్రాక్టరుకు బూడిద ఎత్తిస్తున్నాడు. "తోట్లోకి మంచిది సార్. మీరు బొమ్మ ఏసుకోవాలంటే తొందరగా ఏసుకోండి, మళ్లీ లేదనేరు" అని నవ్వాడు. సారు నవ్వలేదు. అప్పటికే ఆయనకు ఆరోగ్యం చెడింది. కర్నూలు ఆసుపత్రికి తిరుగుతున్నారు. దిబ్బ ఉండగా, తాను ఉండగా ఈ పుస్తకం రావాలని ఒకసారే అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందరికన్నా ముఖ్యమైన బొమ్మ దిబ్బ కాలుతున్నప్పటిది. మంట, పొగ, చుట్టూ పశువులు, మనుషులు. మొదట వేసినదాన్ని బడికి తెచ్చినప్పుడు పిల్లలు ఎన్నడూ లేనంత సంబరపడ్డారు.

"అవి మా మామ ఎద్దులే సార్."

"పోరా, మీ మామ ఎద్దుకు కొమ్ము ఇరిగింది."

"ఆయప్ప తిమ్మప్ప తాత. తువాలు సూడు, అట్లే సుట్టుకుంటాడు."

ఆదోనికి తిరిగిపోయే బస్సులో సారు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. పిల్లలు ఇంత బాగా పోల్చుకున్నారు కదా అన్నాను.

"అదే తప్పప్పా. వేల ఏండ్ల కిందటి మనుషుల్ని గీయమంటే నేను మొన్నటి సంతను గీసినాను. ఎద్దుకు ముక్కుతాడు ఏసినా, మెడకు ఇత్తడి గంట కట్టినా. వాళ్లకు ఇత్తడి యాడిది? ఆ ముసలాయన మొగం మా ఎదురింటి మగ్గమాయనది. సెయ్యి అలవాటు కొద్దీ గీసుకుంటా పోయింది."

నేనూ ఆ గంటను చూశాను. నాకూ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఎద్దును గంటతోనే చూసినవాళ్లం.

రెండో బొమ్మలో గంట లేదు, ముక్కుతాడు లేదు, తువాలు లేదు. సాయంకాలపు మంట వెలుగు. మనుషులందరూ మనకు వీపు పెట్టి, మంట వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరి ముఖమూ కనిపించదు.

ప్రచురణకర్తకు అది నచ్చలేదు. "పిల్లలు ముందు మొహం చూస్తారండీ. పేజీలో ఇంతమంది ఉండి ఒక్కరూ మనవైపు చూడకపోతే పుస్తకం మూసేస్తారు. ఒకరిద్దరినైనా ఇటు తిప్పమనండి. లేకపోతే నేను వేయలేను" అన్నారు. ఆయన మాటను నేను కొట్టిపారేయలేకపోయాను. ఎమ్మిగనూరు పోయి సారుతో వాదించాను. సారు మంచం మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటున్నారు. తినలేక పళ్లెంలో అటూ ఇటూ జరుపుతున్నారు.

"ఒక్క ముఖమే సార్. అది తప్పని ఎవరు చెప్పొచ్చారు?"

"నీకు తెలీనిసోట నువ్వు ఏమని రాస్తావు?"

"బహుశా అని రాస్తాను."

"బొమ్మలో బహుశా యాడ గీయాలప్పా?"

ఆయన పళ్లెం పక్కన పెట్టి, "నేను ఒక మొగం గీస్తే పిల్లోల్లకు అదే మొగం ఖాయమైపోతాది. పెద్దయినా పోదు" అన్నారు. పుస్తకం ఆగిపోయింది. ఆయన బొమ్మ మార్చలేదు. రెండు నెలలకు పోయారు.

కర్మంతరాలు ముగిశాక ప్రచురణకర్త ఫోన్ చేశారు. మంచి మనిషే, బాధపడే మాట్లాడారు. సారు పేరుతోనే పుస్తకం వేస్తాం, ముఖాలు మాత్రం వేరే వాళ్లచేత వేయిస్తాం, సరేనంటే వచ్చే నెలలో అచ్చు అన్నారు. దిబ్బ ఒకవైపు అప్పటికే చదునైంది. పుస్తకం రావడం ముఖ్యమా, ఆయన గీసినట్టే రావడం ముఖ్యమా తేల్చుకోలేకపోయాను. అమ్మను అడిగితే, "ఆయన ఉన్నప్పుడు నా మాట ఇననేలేదు. ఇప్పుడు నన్ను అడిగితే ఏం లాభం? నీ ఇష్టమప్పా" అన్నది. లోపలికి పోయి బొమ్మ తెచ్చి నా చేతికిచ్చింది.

ఇప్పుడు ఆ పుస్తకం ఆయన గీసినట్టే అచ్చవుతున్నది. నేను బడిలో చూసింది చెప్పాక, ప్రచురణకర్త సరే కానివ్వండి అన్నారు. చూసింది ఇంతే.

అమ్మ బొమ్మ ఇచ్చిన తర్వాతి సోమవారం దాన్ని కుర్చీ మీద నిలబెట్టి పిల్లల వెనక కూర్చున్నాను. ఈసారి ఎవరూ మామ ఎద్దులనలేదు. చాలాసేపు గుసగుసలాడుకున్నారు. పశువులన్నారు, మంటన్నారు, మన దిబ్బేనేమో అన్నారు. ఒకటో తరగతి పిల్ల ఒకతె వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"వీళ్ల మొగాలేవి సార్?"

"అటు తిరిగినారు కదమ్మా."

ఆ పిల్ల లేచి కుర్చీ వెనక్కి పోయింది. "ఆడేముంటాదే, ఉత్త కాగితం" అని ఒకడు ఎగతాళి చేశాడు. ఆమె వినిపించుకోలేదు. కుర్చీ పట్టుకుని, కాగితానికి అవతల నిలబడి, తల వంచి చూస్తూ ఉంది. ఇవతల మాకు ఆ మనుషుల వీపులు, వాళ్ల మీదుగా ఆమె నుదురు కనిపిస్తున్నాయి.