జెట్టు విమానాలకు జొన్నరొట్టెల పందెం

ఆ రోజుల్లో మాకు తెలిసిన వేగం ఎద్దులబండిది, మహా అయితే మోటారు బస్సుది. అంతకు మించి జోరుగా పోయేదేదైనా దేవుడిదో దయ్యానిదో అయ్యుండాలి. అలాంటి కాలంలో కడప జిల్లాలోని మా పల్లె మీదుగా జెట్టు విమానాలు రెండు పోవడం మొదలుపెట్టాయి. పొద్దున ఒకటి తూర్పు కొండ నుంచి పడమటి గుట్టకు, సాయంత్రం ఇంకొకటి గుట్ట నుంచి కొండకు. రెండూ కవల దూడల్లా ఒకే తీరు, వెనక ఒకే తెల్లచార. (మూడో తరగతితో మాన్పించారు గాని, లేకుంటే వాటి పేర్లు కూడా చెప్పేదాన్ని.)

ఆ ఏడు ఒంటిమిట్ట తేరు తిరునాళ్లకు పోయే బండిలో ఒక్కరికే చోటు మిగిలింది. దానికోసం నేనూ, మా పెదనాయన కూతురు అక్కా జుట్లు పట్టుకున్నాం. మా ఇంట్లో గడియారం లేదు, ఎంతసేపైనా రొట్టెలతో కొలవడమే. అందుకని అవ్వ విసిగి తీర్పు చెప్పింది.

"పొద్దుటి విమానం చిన్నదానిది, మాపటిది పెద్దదానిది. ఈ కొస నుంచి ఆ కొసకు పొయ్యేలోగా ఎవురు తక్కువ రొట్టెలు తడితే వాళ్ల విమానం జోరైనట్టు. వాళ్లే బండెక్కేది."

విమానం కనపడగానే నేను పిండిముద్దను పసిబిడ్డను జోకొట్టినట్టు తట్టాను. అది గుట్ట దాటేసరికి నా రొట్టె అరచేయంత కూడా కాలేదు.

"ఏమ్మే, రొట్టె తడతాండావా, దానికి నలుగు పెడతాండావా?" అంది అక్క.

సాయంత్రం తను నన్ను మించింది. ముద్దకు నీళ్లు అద్దుతుంది, ఆకాశం చూస్తుంది, మళ్లీ అద్దుతుంది. పెనం పొగలు కక్కుతోంది. విమానం పోయింది, ముద్ద ముద్దగానే ఉంది.

"ఒక్క రొట్టె గూడా తట్టల్యా! నాదే జోరు!"

"నీదానికి పడమటిగాలి తోడొచ్చింది గదక్కా! గాలివాటున పొట్టు గూడా ఎగురుతాది!"

అంతలో చేను నుంచి చిన్నాయన ఆకలితో వచ్చి, ఖాళీ గంప చూసి, "రొట్టెలు యాడమ్మా?" అని అరిచాడు.

"విమానాలు రెండూ శానా జోరు నాయనా, కదలనిది మన పిల్లోళ్ల చేతులే," అంది అవ్వ. "తట్టేది నేర్చుకునేదాంక ఈడనే ఉండనీ. తేరుకు నేను పోతా."

తెల్లారి బండిలో కాళ్లు చాపుకొని కూర్చున్న అవ్వను చూశాక గాని, ఆ తీర్పు మీద మాకు అనుమానం రాలేదు.

రెండిట్లో ఏది జోరో నాకు ఇప్పటికీ తెలియదు. తేరు కోసం అక్క జుట్టు పట్టుకున్న ఆ పిల్ల మాత్రం, ఇప్పుడు మనవళ్లు ఒంటిమిట్టకు పోదాం రమ్మంటే, "బస్సు టికెట్టు దండగ" అంటుంది. అని, వాళ్లు మళ్లీ ఒకసారి అడుగుతారేమోనని చూస్తుంది.